సమాధానం: పకాల్ సమాధి మూత మీద ఉన్నది రాకెట్ కాదు

మీ తమ్ముడు చూపించిన వీడియోలో ఉన్నది మెక్సికోలోని పాలెంకేలో, ప్రాచీన మాయా నాగరికతకు చెందిన రాజు పకాల్ సమాధి మీది మూత. "ఇది రాకెట్ నడిపే మనిషి, మాయన్లకు అంత తెలివెక్కడిది" అన్నాడు, ఏం చెప్పాలి అని అడిగారు.

ముందు ఆ బొమ్మను నిలువుగా తిప్పి చూపించండి. వీడియోలు కావాలనే అడ్డంగా పెడతాయి. నిలువుగా చూస్తే రాజు వెనక్కి వాలి ఉంటాడు, కింద పాతాళం నోరు తెరుచుకుని ఉంటుంది, ఆయన మీదుగా శిలువ ఆకారంలో ఒక చెట్టు లేస్తుంది, చెట్టు పైన పక్షి. వాళ్లు రాకెట్ అనేది ఈ చెట్టునే. ఇదే చెట్టు పాలెంకేలోనే మరో గుడిలో, మనిషి లోపల కూర్చోకుండా, విడిగా చెక్కి ఉంది. మూత అంచుల మీద పకాల్ పుట్టిన, చనిపోయిన తేదీలు కూడా ఉన్నాయి: 603, 683. 1952లో సమాధి తెరిస్తే లోపల దొరికింది పచ్చరాతి ముసుగుతో ఉన్న మనిషి అస్థిపంజరమే.

ఇక "ఎవరు కట్టారు" అన్నదానికి, గ్వాటెమాలాలోని పియెద్రాస్ నెగ్రాస్ అనే మరో మాయా నగరంలో శిల్పులు రాళ్ల మీద తమ పేర్లే చెక్కుకున్నారు. ఇంతకంటే ఏ సాక్ష్యం కావాలి? వాళ్ల వారసులు లక్షల మంది గ్వాటెమాలా, మెక్సికోల్లో ఈ రోజుకీ మాయా భాషలు మాట్లాడుతున్నారు. తాతలు కట్టినదాన్ని గ్రహాంతరవాసుల ఖాతాలో వేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. తమ్ముడితో వాదన పెట్టుకోకండి, ముందు ఆ రెండు చెట్ల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించండి.