పగడాలు పెంచాలంటే ముందు హేచరీకి పంపండి

కాకినాడ నుంచి ఒక తల్లి రాశారు. ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతున్న వాళ్ల అమ్మాయి, ఫ్లోరిడాలో ఆక్వేరియం వాళ్లు పగడాల్ని బతికిస్తున్న వీడియో చూసి తనూ అదే పని చేస్తానంటోందట. "చేపలకి మేత వేయడానికి డిగ్రీ దేనికి" అని వాళ్ల నాన్నగారు కోప్పడుతున్నారట.

అమ్మా, అది మేత వేసే పని ఒక్కటే కాదు. పగడం రాయి కాదు, ప్రాణి. ఫ్లోరిడా తీరంలో 2014లో మొదలైన ఒక జబ్బు, స్తంభంలా పెరిగే పిల్లర్ కోరల్‌ని దాదాపు తుడిచిపెట్టేసింది. వాటిలో ఆడవి వేరు, మగవి వేరు. మిగిలినవి ఎక్కడో ఒకటి ఉంటే ఇక పిల్లలెలా పుడతాయి? అందుకని టాంపాలోని ఫ్లోరిడా ఆక్వేరియం వాళ్లు, లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం సాయంతో, వాటిని తొట్లలో పెట్టి, సముద్రంలో ఏడాది పొడవునా నీటి వేడి ఎలా మారుతుందో, పొద్దు ఎప్పుడు పొడుస్తుందో, వెన్నెల ఏ రాత్రి ఎంత ఉంటుందో అంతా లైట్లతో, కంప్యూటర్లతో అచ్చం అలాగే నడిపారు. 2019 ఆగస్టులో ఆ పగడాలు గుడ్లు విడిచాయి. నాకైతే ఇది ప్రసూతి వార్డు పనికి ఏమాత్రం తక్కువ కాదనిపిస్తుంది.

మన దేశంలో ఇలాంటి ఉద్యోగాలు చాలా తక్కువ, ఆ మాట దాచను. గల్ఫ్ ఆఫ్ మన్నార్‌లో పగడాలు నాటుతున్న తూత్తుకుడి సంస్థలాంటివి కొన్నే. అందుకే రెండో దారి ఉన్న చదువే ఎంచుకోండి: ఈఏపీసెట్ రాసి బీఎఫ్‌ఎస్సీ (చేపలు, రొయ్యల పెంపకం చదువు), లేదంటే బీఎస్సీ తర్వాత మెరైన్ బయాలజీలో ఎంఎస్సీ. పగడాల వైపు కుదరకపోయినా ఆక్వా రంగంలో పని దొరుకుతుంది.

ఒక్క మాట, ఇంట్లో తొట్టి పెట్టి పగడాలు పెంచుతానంటే మాత్రం వద్దనండి, రాతి పగడాలు మన వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి.

దాని బదులు ఈ వేసవిలో ఉప్పాడ వైపు తెలిసినవాళ్ల రొయ్యల హేచరీ, అంటే రొయ్య పిల్లల్ని పొదిగించే చోటు, ఉంటే ఒక నెల పంపండి. నీటిలో ఉప్పు (శాలినిటీ), అమ్మోనియా ఎంతున్నాయో చూడటం, పిల్లలకి మేతగా వేసే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవుల్ని పొదిగించడం, అర్ధరాత్రి లేచి లార్వా చూసుకోవడం, పగడాల ల్యాబ్‌లోనూ రోజువారీ పని చాలావరకు ఇలాంటిదే. ఆ నెల తర్వాత కూడా ఇదే చదువుతానంటే, నాన్నగారితో నేను మాట్లాడతాను.