థామస్ డోర్సీ మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. థామస్ ఎ. డోర్సీ జీవితం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం నిదానంగా చదివాను. మంచి మనిషిని ఎంచుకున్నావు. అమెరికా నల్లజాతి చర్చిలలో గాస్పెల్ అనే భక్తి పాట ఈ రూపంలో నిలబడిందంటే మొదట చెప్పుకోవలసిన పేరు ఆయనదే. తెలుగులో ఆయన గురించి చదవడానికి పెద్దగా ఏమీ దొరకదు కాబట్టి నీ పని ఇంకా విలువైనది. నీ వాక్యం బాగుంది, చదివిస్తుంది. అందుకే కొంచెం గట్టిగా మాట్లాడుతున్నాను, ఏమనుకోకు.

నీ వ్యాసమంతా 1932 ఆగస్టులోని ఒక్క దుఃఖం వైపు పరుగెత్తింది. భార్య నెట్టీ ప్రసవంలో పోవడం, పుట్టిన బిడ్డ కూడా దక్కకపోవడం, ఆయన పియానో ముందు కూర్చోవడం, 'టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్' పాట పుట్టడం. అక్కడిదాకా కళ్ళు చెమర్చేలా రాశావు. ఆ తరవాత నాలుగు వాక్యాల్లో ఆయన్ని చంపేశావు. డోర్సీ పోయింది 1993 జనవరిలో. అంటే ఆ పాట తరవాత అరవై ఏళ్ళు బతికాడు. ఆ అరవై ఏళ్ళూ ఏం చేశాడన్నదానికి నీ వ్యాసంలో జవాబు లేదు.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని సంవత్సరాలు వరసగా రాసుకో. 1899లో జార్జియా రాష్ట్రంలో విల్లా రికా అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి బోధకుడు, తల్లి ఆర్గన్ వాయించేది. కుటుంబం అట్లాంటాకు వచ్చాక కుర్రాడు ఒక థియేటర్లో సోడాలు అమ్ముతూ, అక్కడి పియానో వాళ్ళ వేళ్ళు చూసి వాయించడం నేర్చుకున్నాడు. చిన్నప్పటినుంచీ ఒక చెవిలో ప్రార్థన పాట, ఇంకో చెవిలో థియేటర్ పాట. 1921లో షికాగోలో జరిగిన నల్లజాతి బాప్టిస్ట్ చర్చిల మహాసభ నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌లో ఒక గాయకుడు పాడింది విని, నేనూ ఇలాంటి పాటలే రాయాలి అనుకున్నాడు. రాశాడు కూడా. అయినా 1924లో బ్లూస్ అనే నల్లజాతి లౌకిక పాటలు పాడే గాయని మా రైనీ బృందానికి పియానో వాయిస్తూ ఊరూరా తిరిగాడు. 1926లో తీవ్రమైన డిప్రెషన్‌లో పడి పని చేయలేకపోయాడు. కోలుకుని మళ్ళీ భక్తి పాటలు రాశాడు. 1928లో గిటారు వాద్యకారుడు టంపా రెడ్‌తో కలిసి రెండర్థాల మాటలతో నిండిన ఒక బ్లూస్ పాట రికార్డు చేస్తే అది దేశమంతా మోగిపోయింది. 1930లో కన్వెన్షన్ మళ్ళీ షికాగోలో జరిగినప్పుడు గాయని విల్లీ మే ఫోర్డ్ స్మిత్ ఆయన భక్తి పాట పాడింది, సభ ఊగిపోయింది. 1931లో గాయకుడు థియడోర్ ఫ్రైతో కలిసి ఎబినేజర్ బాప్టిస్ట్ చర్చిలో గాస్పెల్ కోరస్, అంటే పాటల బృందం, మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చికి వెళ్ళాడు.

ఈ వరస చూశాక నీ వాక్యం ఒకటి మళ్ళీ చదువు: 'భార్య మరణంతో బ్లూస్ వదిలి దేవుడి వైపు తిరిగాడు.' ఇది నిలవదమ్మా. నెట్టీ పోయిన రోజున ఆయన సెయింట్ లూయిస్‌లో ఉన్నాడు. ఎందుకున్నాడు? ఉజ్జీవ సభల్లో పాటలు పాడడానికి వెళ్ళాడు. టెలిగ్రామ్ అక్కడికే వచ్చింది. అంటే చావు ఆయన్ని చర్చిలోకి నెట్టలేదు, చర్చి పని మీద ఉన్న మనిషి నెత్తినే వచ్చి పడింది. పైగా ఆ దుఃఖంలో దేవుడు తనకు అన్యాయం చేశాడనిపించిందనీ, ఈ పాటలు మానేసి పాత సంగీతంలోకే వెళ్ళిపోదామనుకున్నాననీ ఆయనే తరవాత చెప్పాడు. నువ్వు రాసిన దానికి ఇది పూర్తిగా ఎదురు. ఇంకా కష్టమైనది, నిజమైనది కూడా. దేవుడి మీద కోపంతో ఉన్న భక్తుడిని రాయడానికి భయపడకు. అలాంటి మనిషిని నీ పాఠకులు తమ ఇళ్ళలోనే చూసి ఉంటారు.

ఇక బ్లూస్ సంగతి. ఆ ఏళ్ళను నువ్వు 'లోకం దారిలో తిరిగిన రోజులు' అని ఒక్క మాటతో దాటేశావు. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు అలా చెప్పుకోవచ్చు, జీవితం రాసేటప్పుడు అది చాలదు. షికాగోలో కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయన ఎక్కడ వాయించేవాడో చూడు. అద్దెకు డబ్బు చాలని వాళ్ళు ఇంట్లోనే పార్టీ పెట్టి, వచ్చినవాళ్ళ దగ్గర కొంత వసూలు చేసుకునేవారు. మద్యనిషేధం రోజులు. చప్పుడు వీధిలోకి వెళితే పోలీసులు వస్తారు. అందుకని డోర్సీ పియానోను చాలా మెల్లగా, మాట వినపడేంత నెమ్మదిగా వాయించేవాడు. గుసగుసల పియానో వాడని పేరొచ్చింది. పక్క గదిలో నవ్వులు, మాటలు, అడుగుల చప్పుడు, వాటి కింద ఆ మెత్తని పియానో. ఈ ఒక్క గది చూపించగలిగితే ఆయన వాయించే తీరు పాఠకుడికి అర్థమైపోతుంది. తరవాత ఆయన రాసిన నెమ్మదైన పాటల్లో ఆ ఒత్తిడి లేని వేగం, ఒక మాట దగ్గర ఆగి దాన్ని సాగదీయడానికి గాయకుడికి ఇచ్చే చోటు, ఇవన్నీ అక్కడ అబ్బినవే.

మా రైనీ ప్రదర్శన కూడా వదలకు. తెర లేచేసరికి వేదిక మీద ఒక పెద్ద గ్రామఫోను పెట్టె మాత్రమే కనపడేది. పాట ఆ పెట్టెలోనుంచి మొదలయ్యేది. కాసేపటికి తలుపు తెరుచుకుని మెరిసే బట్టల్లో ఆమె బయటికి అడుగుపెడితే జనం లేచి నిలబడేవారు. పియానో దగ్గర కూర్చున్న కుర్రాడు రాత్రి తరవాత రాత్రి చూసినది అదీ: జనాన్ని ఎదురుచూసేలా చేయడం ఎలా, ఆ ఎదురుచూపును ఎప్పుడు తీర్చాలి. కొన్నేళ్ళకు చర్చిలో థియడోర్ ఫ్రై పాడుతూ నడవల్లో అటూ ఇటూ నడుస్తుంటే, డోర్సీ పియానో దగ్గర లేచి నిలబడి వాయించేవాడు. ఈ రెండు దృశ్యాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టు. నీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

నెట్టీ గురించి కూడా చెప్పాలి. నీ వ్యాసంలో ఆమె చనిపోవడానికి మాత్రమే వచ్చింది. ఆమె మా రైనీ బృందంలో దుస్తుల బాధ్యత చూసుకునేది. 1925లో పెళ్ళయింది. ఆయన మంచాన పడ్డ రోజుల్లో పక్కనున్నది ఆమే. ఒక పేజీ అయినా ఆమెను బతికి ఉండనివ్వు. అప్పుడు టెలిగ్రామ్ వచ్చినప్పుడు మేం కూడా ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

పాట పుట్టిన ఘట్టాన్ని నువ్వు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు రాశావు. ఆయన స్వయంగా చెప్పిన కథ అంతకంటే బాగుంటుంది. అంత్యక్రియలయ్యాక కొన్ని రోజులకు, షికాగోలోని పోరో కాలేజీలో, ఫ్రై పక్కనుండగా పియానో ముందు కూర్చున్నాడు. వేళ్ళ కింద దొరికింది కొత్త రాగం కాదు. 'మేట్‌లాండ్' అనే పాత కీర్తన రాగం, ఆ సంప్రదాయంలో పెరిగినవాళ్ళకు బాగా తెలిసినదే. దాన్ని సాగదీసి, తన మాటలు వేసుకున్నాడు. మొదట ప్రభువును 'బ్లెస్డ్' అని పిలిచాడట. ఫ్రై విని, 'ప్రెషస్' అను, అన్నాడట. ఆ రాగం పాతదన్న సంగతి నువ్వు దాచావు, పాట గొప్పతనం తగ్గుతుందనుకున్నావేమో. తగ్గదు. మనసు విరిగిపోయినప్పుడు మనిషి కొత్త రాగం కోసం వెతకడు, చిన్నప్పటినుంచి నోట్లో ఉన్నదాన్ని పట్టుకుంటాడు. పక్కనున్న స్నేహితుడు ఒక్క మాట సరిచేస్తాడు. చాలా పాటలు ఇలాగే పుడతాయి. పాటలు రాసేవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటి చిన్న పనులు కళ్ళకు కట్టించడమే మన పని.

ఇంకో విషయం జాగ్రత్తగా విను. 1920ల చివర్లో జబ్బు నుంచి కోలుకున్న సందర్భంలో ఒక బిషప్ తన గొంతులోనుంచి బతికున్న పామును బయటికి లాగాడని డోర్సీ చెప్పుకున్నాడు. నువ్వు దాన్ని వదిలేశావు. చదువుకున్న పాఠకులు ఏమంటారోనని టెన్షన్ పడ్డట్టున్నావు. వదలొద్దు. అలాగని జరిగిందని నీ గొంతుతో చెప్పొద్దు, జరగలేదనీ చెప్పొద్దు. ఆయన ఇలా చెప్పాడని రాయి, ఆ తరవాత లేచి ఏం పని చేశాడో రాయి. విశ్వాసంతో బతికిన మనిషి జీవితంలోనుంచి ఆ విశ్వాసాన్ని తీసేస్తే మిగిలేది ఆయన కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ వ్యాసానికి వెన్నెముక కావలసింది ఆయన చేసిన పని. రాసిన పాట జనం నోటికి ఎలా చేరింది? మొదట్లో అయిదు డాలర్లు అప్పు చేసి, ఒక పాట ప్రతులు 500 అచ్చు వేయించి దేశమంతా చర్చిలకు పోస్టులో పంపాడు. చాలాకాలం ఒక్క ఆర్డరూ రాలేదు. అప్పుడు అర్థమైంది, కాగితం ఒక్కటే పోతే లాభం లేదని. ఆయన పాట కాగితం మీద ఎముకల గూడు లాంటిది, కండ పాడేవాళ్ళు పెట్టాలి. ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊపిరి వదలాలి, ఇవేవీ అచ్చులో ఉండవు. అందుకని పాడి వినిపించేవాళ్ళను వెంటబెట్టుకుని చర్చిలకు, సభలకు, వీధి మూలలకు వెళ్ళి, పాడాక ఆ కాగితం కొన్ని సెంట్లకు అమ్మడం మొదలైంది. న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన తరవాత గొప్ప గాస్పెల్ గాయని అయిన మహాలియా జాక్సన్ అనే అమ్మాయి, ఇంకా పేరు రాని రోజుల్లో అలా పాడినవాళ్ళలో ఒకరు.

చర్చిలు చేతులు చాచి పిలవలేదు. పెద్ద బాప్టిస్ట్, మెథడిస్ట్ చర్చిలలో శిక్షణ పొందిన గాయకబృందాలు యూరప్ సంగీతం పాడేవి. అది వాళ్ళకు పరువుకు సంబంధించిన విషయం. చప్పట్లు, ఊగడం, బ్లూస్ విరుపులు లోపలికి వస్తే అవమానంగా భావించారు. పేరున్న చర్చిలే తనను బయటికి పంపేశాయని డోర్సీ చెప్పుకునేవాడు. మరి ఎలా గెలిచాడు? దక్షిణాది రాష్ట్రాలనుంచి పని కోసం, బతుకు కోసం లక్షలమంది నల్లవాళ్ళు షికాగో లాంటి ఊళ్ళకు తరలివస్తున్న కాలం అది. చర్చి బెంచీల మీద కూర్చున్నవాళ్ళు మారిపోయారు. వాళ్ళకు ఆ నాజూకు సంగీతం పరాయిది, ఈ పాట తమది. ఈ నేపథ్యం ఒక్క పేరాలో అయినా చెప్పకపోతే డోర్సీ ఒంటరి వీరుడిలా కనిపిస్తాడు. ఆయన వెనక ఒక జనసమూహం కదిలింది.

ఆ కదలికను నడిపినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. శాలీ మార్టిన్‌ను చూడు. గొంతు మొరటు, సంగీతం చదవడం రాదు. డోర్సీకి మొదట ఆమె పాట నచ్చలేదు. కానీ పాటల అమ్మకం డబ్బులు లెక్కా పత్రం లేకుండా సొరుగులో పడేసి ఉండడం చూసి, నీ దగ్గర మంచి సరుకుంది, దాన్ని ఏం చేసుకోవాలో నీకు తెలియడం లేదు, అని ముఖం మీదే చెప్పింది. లెక్కలు పట్టుకుంది, ఊరూరా తిరిగి కోరస్‌లు పెట్టించింది. గాస్పెల్ గాయకబృందాల జాతీయ కన్వెన్షన్ 1930ల మొదట్లో నిలబడిందంటే అందులో ఆమె వాటా పెద్దది. దాన్ని నిలబెట్టినవాళ్ళలో మాగ్నోలియా లూయిస్ బట్స్ కూడా ఉంది. 1940లో శాలీ డోర్సీ నుంచి విడిపోయి పాటల రచయిత కెనెత్ మోరిస్‌తో సొంత ప్రచురణ సంస్థ పెట్టుకుంది. ఆ విడిపోవడాన్ని దాచకు, తప్పు ఎవరిదో తేల్చడానికీ కూర్చోకు.

'ప్రెషస్ లార్డ్' పాట తరవాతి ప్రయాణం నీకు తెలుసు కాబట్టి పొడిగించను. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్, ఆ రాత్రి సభలో ఈ పాట వాయించమని సాక్సోఫోన్ వాద్యకారుడు బెన్ బ్రాంచ్‌ను అడిగిన కాసేపటికే కాల్పులకు బలయ్యాడు. ఆయన అంత్యక్రియల్లో మహాలియా ఆ పాట పాడింది. 1972లో ఆమె అంత్యక్రియల్లో గాయని అరెథా ఫ్రాంక్లిన్ పాడింది. ఈ మూడూ చాలు. ఎవరెవరు రికార్డు చేశారో జాబితా ఇస్తే వ్యాసం బరువెక్కుతుంది తప్ప పెరగదు. టామీ డోర్సీ అనే తెల్లజాతి బ్యాండ్ నాయకుడు వేరే మనిషి. ఈ పాట ఆయన రాశాడని పొరపాటున చాలామంది పంచుకుంటుంటారు. నీ వ్యాసంలో పెట్టిన ఫొటో ఎవరిదో ఒకసారి సరిచూసుకో.

రాసే ముందు విను. జార్జియా టామ్ పేరుతో ఆయన పాడిన పాత బ్లూస్ రికార్డులు ముందు, మహాలియా పాడిన 'ప్రెషస్ లార్డ్' తరవాత, ఒకేసారి కూర్చుని. 1982లో వచ్చిన 'సే ఆమెన్, సమ్‌బడీ' డాక్యుమెంటరీ దొరికితే చూడు. ముసలివాడైన డోర్సీ, విల్లీ మే ఫోర్డ్ స్మిత్, శాలీ మార్టిన్ ముగ్గురూ అందులో కనిపిస్తారు. వాళ్ళు మాట్లాడేటప్పుడు ఒకరినొకరు ఎలా చూసుకుంటున్నారో గమనించు.

మొత్తం వ్యాసం ఒకేసారి తిరగరాయొద్దు, అలసిపోతావు. శాలీ మార్టిన్ ఆ సొరుగు తెరిచిన చోటునుంచి 1940 దాకా ముందు రాసి పంపు. అది కుదిరితే నెట్టీ భాగం ఎంత ఉండాలో నీకే తెలుస్తుంది. నెలాఖరు దాకా ఇంట్లోనే ఉంటాను, రాగానే చదివి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
నీ మేలు కోరే పెద్దవాడు