టాలీ ఒక్కటే ఇవ్వండి, కంప్యూటరంతా వద్దు

ప్రశ్న: మాది ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి అడ్తి దుకాణం. నేను నర్సంపేట నుంచి, మరో ముగ్గురు గుమాస్తాలు పరకాల, జమ్మికుంటల నుంచి దుకాణంలోని విండోస్ సర్వర్‌లోకి వచ్చి టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) పనిచేస్తాం. మూడో మనిషి లాగిన్ అయితే మాలో ఒకరు బయటికి పోవాల్సి వస్తోంది. పైగా ఎవరి ఫైళ్లు చూసినా అందరికీ కనిపిస్తున్నాయి. ఏం చేయాలి సార్?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: అమ్మా, విండోస్ సర్వర్ మామూలుగా ఒకేసారి ఇద్దరినే రానిస్తుంది, అదీ సర్వర్ నిర్వహణ పనికి. నలుగురూ రావాలంటే రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ (దూరం నుంచి చాలామంది ఒకేసారి సర్వర్‌లో పనిచేసే ఏర్పాటు) పెట్టించి, మనిషికో లైసెన్సు కొనాలి. లైసెన్సు లేకున్నా 120 రోజులు నడుస్తుంది. దసరాకు పెట్టి మరిచిపోతే, మిర్చి బస్తాలు దిగే ఫిబ్రవరిలో ఆగిపోతుంది. కాబట్టి ముందే కొనండి. టాలీ కూడా సిల్వర్ అయితే ఒక్కరికే, మీకు గోల్డ్ కావాలి.

ఇక రెండోది. మీ వాళ్లకు కావాల్సింది టాలీ. డెస్క్‌టాప్ మొత్తం ఎందుకిచ్చారు? సర్వర్ మేనేజర్‌లో కలెక్షన్ (ఎవరికి ఏ ప్రోగ్రాములో చెప్పే జాబితా) తయారుచేసి, అందులో టాలీని రిమోట్‌యాప్‌గా, అంటే ఆ ఒక్క ప్రోగ్రామ్ కిటికీయే వాళ్లకు కనిపించేలా, పబ్లిష్ చేయించండి. దీనికి యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ (అందరి లాగిన్లనూ ఒకేచోట చూసుకునే ఏర్పాటు) ఉండాలి. అనుమతి ఒక్కో పేరుకు కాకుండా ‘గుమాస్తాలు’ అని గ్రూపు పెట్టి దానికివ్వండి. సీజన్ అయ్యాక ఎవరైనా మానేస్తే గ్రూపులోంచి పేరు తీసేస్తే సరిపోతుంది.

అంతటితో ఫైళ్లు దాగిపోతాయనుకోవద్దు. చాలామంది ఇక్కడే పొరబడతారు. టాలీలో తక్‌పట్టీని (రైతుకిచ్చే అమ్మకం చీటీ) పీడీఎఫ్‌గా దాచబోతే ఫోల్డర్ ఎంచుకోమని ఒక చిన్న కిటికీ తెరుచుకోవచ్చు. అందులోంచి సీ డ్రైవ్ దాకా వెళ్లొచ్చు. రిమోట్‌యాప్ తెరను తగ్గిస్తుందే తప్ప గోడ కట్టదు. ఎవరి ఫోల్డరు ఎవరికో సర్వర్‌లోనే ఫోల్డర్ అనుమతులు విడిగా పెట్టాలి.

మీరు అడగని మాటొకటి చెప్తాను. మీరంతా బయటినుంచి వస్తున్నారంటే దుకాణం రూటర్‌లో 3389 పోర్టు, అంటే రిమోట్ డెస్క్‌టాప్ వచ్చే దారి, ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉండొచ్చు. దాంట్లోంచి దొంగలూ రావచ్చు. నేను చూసే ఒక జిన్నింగు మిల్లులో అలాగే వదిలేశారు. ఒక సోమవారం పొద్దున వెళ్తే ప్రతి ఫైలు పేరు చివర ఏదో తెలియని అక్షరాలు, డబ్బు కట్టమని ఒక నోట్. బ్యాకప్ అదే యంత్రంలోని డీ డ్రైవ్‌లో ఉండడంతో అదీ పోయింది. రైతులకు ఇవ్వాల్సిన బాకీల లెక్కను కాగితం చీటీల నుంచి మళ్లీ రాయడానికి మూడు వారాలు పట్టింది. ఆ మిల్లు గుమాస్తా ముఖం నాకింకా గుర్తుంది.

ఈ రోజే ఆ పోర్టు మూయించండి. రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే (లోపలికి వచ్చేవాళ్లను ముందే తనిఖీ చేసే ద్వారం) పెట్టించి 443 పోర్టు మీదుగా రండి, లాగిన్‌కు ఫోన్లో రెండో ధ్రువీకరణ కూడా పెట్టించండి. బ్యాకప్ డిస్కును రాత్రి పని కాగానే వైరు తీసి బీరువాలో పెట్టండి.