మధ్యాహ్నం షిఫ్టు మూతలే ఎందుకు పగులుతున్నాయి: సమాధానం

మెటీరియల్ తప్పు కాకపోవచ్చండి, మీ మోల్డ్ (మూత పోసే అచ్చు) వేడెక్కుతుండొచ్చు. ఒకే బ్యాచ్ పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌తో పొద్దున తీసిన పచ్చడి డబ్బా మూతలు బాగుండి, మధ్యాహ్నం తీసినవి బిగుతై, కింద పడితే అంచు పగులుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. మే నెల ఆటోనగర్ ఎండలో, చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకుండా పైట్యాంకు నీళ్లే మోల్డ్‌లో తిప్పుతున్నానన్నారు కదా.

మోల్డ్ వేడిగా ఉండి ప్లాస్టిక్ నెమ్మదిగా చల్లారితే అణువుల గొలుసులు వరుసగా సర్దుకుంటాయి, స్ఫటికాలు పెద్దగా, ఎక్కువగా పెరుగుతాయి. మూత గట్టిపడుతుంది గానీ దెబ్బకు ఆగదు, పైగా ఎక్కువ కుంచించుకుపోతుంది.

1. అందరూ బ్యారెల్ (ప్లాస్టిక్ కరిగే గొట్టం) డిస్‌ప్లే చూసి 220 డిగ్రీలు ఉంది, బాగానే ఉందనుకుంటారు, మోల్డ్ ముఖం మాత్రం ఎవరూ కొలవరు. ముప్పై నలభై షాట్లు (ఒక్కోసారి ప్లాస్టిక్ పోసి మూత తీయడం) పడ్డాక మెషిన్ ఆపి, డోర్ తీసి, థర్మోకపుల్ (తాకి వేడి కొలిచే తీగ) మొనను కోర్ (మూత లోపలి వైపు మలిచే మోల్డ్ భాగం) మీద ఆనించి చూడండి. మెరిసే స్టీలు మీద, తాకకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ తప్పు చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకి రాసుకోండి.

2. తేడా ఉంటే కోర్ నీళ్ల లైన్ విప్పండి. ఉప్పు పొర కట్టి ఉంటే శుభ్రం చేయించి, మోల్డ్‌ను 30-40 డిగ్రీల మధ్య నిలకడగా ఉంచండి.

3. మూత సైజు వేడి మీద కాదు, మర్నాడు కొలవండి. పాలీప్రొపిలీన్ గది వేడిలో కూడా ఇంకా స్ఫటికీకరిస్తూనే ఉంటుంది.

4. రెండు పూటలా మోల్డ్ వేడి ఒకటే ఉన్నా పగిలితే, అప్పుడు రీగ్రైండ్ (పాత ముక్కలు మళ్లీ నూరిన ప్లాస్టిక్) ఎంత కలుపుతున్నారో చూడండి.