పీఆర్ చదువుతున్నవారికి పరిచయాలు, అనుభవం: ముందు న్యూస్ డెస్క్ వైపు చూడండి

మీరు అడిగింది ఇదీ: పబ్లిక్ రిలేషన్స్ (పీఆర్) కోర్సు రెండో ఏడాదిలో ఉన్నారు, ఈ రంగంలో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు, కొత్తవాళ్లను పలకరించాలంటే మొహమాటం. ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేస్తే అనుభవం ఉందా అని అడుగుతున్నారు. ఇంతలో స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ ఒకటి వచ్చింది, చేరాలా వద్దా అని టెన్షన్. నేనూ ఇదే కోర్సు చదివి పీఆర్ ఏజెన్సీలో ఇంటర్న్‌గా మొదలయ్యాను. ఇప్పుడు ఇంటర్న్‌లను ఎంపిక చేసే టీమ్‌లో ఉన్నాను. బల్లకు అటూ ఇటూ కూర్చున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మొహమాటం గురించి పెద్దగా బెంగ పెట్టుకోకండి. పీఆర్ అంటే గలగలా మాట్లాడేవాళ్ల ఉద్యోగం అని బయట ఒక అభిప్రాయం ఉంది. మా టీమ్‌లో రిపోర్టర్లు ఎక్కువగా నమ్మేది అందరికంటే తక్కువ మాట్లాడే సహోద్యోగిని. ఏ రిపోర్టర్ ఏ బీట్ (ఏ రకం వార్తలు) చూస్తారో, ఎవరికి ఫోన్ నచ్చదో, ఎవరికి ఫొటో విడిగా పంపాలో ఆమెకు గుర్తుంటుంది. ఇస్తానన్న సమాచారం చెప్పిన టైముకి ఇస్తుంది. అంతకుమించి ఆమె ప్రత్యేకంగా చేసేదేమీ లేదు.

ఇక అసలు సంగతి. మీ క్లాసులో అందరూ ఏజెన్సీ హెడ్‌లకూ పెద్ద కంపెనీల కమ్యూనికేషన్స్ మేనేజర్లకూ రిక్వెస్టులు పంపుతూ ఉంటారు. వాళ్లకు రోజూ అలాంటివి వస్తూనే ఉంటాయి. మీరు ముందు పరిచయం చేసుకోవాల్సింది వాళ్లను కాదు. విలేకరులను, డెస్క్‌లో కూర్చుని వార్తలు దిద్దే సబ్ ఎడిటర్లను, మీకంటే ఒకటి రెండేళ్లు ముందు ఇదే కోర్సు పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన సీనియర్లను. సీనియర్లు ఎందుకో సులువుగానే అర్థమవుతుంది: ఎక్కడ ఖాళీ ఉందో, ఏ బాస్ పని నేర్పుతారో, ఏ బాస్ ఫొటోకాపీలతో సరిపెడతారో వాళ్లకు తాజాగా తెలుసు. విలేకరులు ఎందుకో కొంచెం చెప్పాలి.

కాలేజీలో ఉండగా నేను ఒక చిన్న పత్రిక డెస్క్‌లో సాయంత్రాలు పనిచేశాను. ప్రూఫ్‌లు చూడటం, వచ్చిన ప్రెస్ నోట్లను కుదించడం నా పని. నా పక్కన కూర్చునే సబ్ ఎడిటర్ మెయిల్ తెరిచే తీరు ఇప్పటికీ కళ్లముందుంది. సబ్జెక్ట్ లైన్ చదివేవారు, మొదటి వాక్యం మీద చూపు పడేది, అటాచ్‌మెంట్ తెరిచేవారు కాదు, తర్వాతి మెయిల్‌కి వెళ్లిపోయేవారు. నోట్ అంతా పీడీఎఫ్‌లో పెట్టి, అందులోనే ఫొటోలు అతికించి పంపేవాళ్లు. ఆ ఫొటో బయటికి తీస్తే అచ్చుకు పనికిరాదు. పేర్లు ఉంటాయి, ఎవరు ఎవరో ఉండదు. కింద ఫోన్ నంబర్ ఉంటుంది, చేస్తే ఎవరూ ఎత్తరు. వార్త బాగున్నా, వివరం ఒక్కటి ఖరారు కాక, అది లేకుండానే పేజీ అచ్చుకు వెళ్లిపోయిన సందర్భాలు చూశాను. క్లాసులో నేర్చుకున్న మీడియా రిలేషన్స్ పాఠం మొత్తం ఆ కుర్చీలో కూర్చున్నాకే నాకు ఒంటబట్టింది.

ఇందులో కొత్తేమీ లేదు. పీఆర్ చరిత్రలో మొదట చెప్పుకునే ఐవీ లీ అంతకుముందు విలేకరే. 1906లో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు ప్రమాదం జరిగినప్పుడు, సంగతి దాచిపెట్టడం రివాజుగా ఉన్న ఆ రోజుల్లో, ఆయన రైల్వే కంపెనీ చేత ప్రకటన ఇప్పించి, విలేకరులను ప్రమాదస్థలానికి తీసుకెళ్లే ఏర్పాటు చేయించాడు. మొదటి ప్రెస్ రిలీజ్‌గా చాలామంది దాన్నే చెబుతారు. డెస్క్‌కి ఏం కావాలో తెలిసిన మనిషి కంపెనీ వైపు కూర్చుంటే ఏం జరుగుతుందో చూపిన ఉదాహరణ అది.

కాబట్టి మీ కాలేజీ పత్రికో, కమ్యూనిటీ రేడియోనో, ఒక చిన్న న్యూస్ వెబ్‌సైటో, ఎక్కడైనా సరే డెస్క్ పని కొన్నాళ్లు చేయండి. పీఆర్ చదువుతూ జర్నలిజం పని ఎందుకని అడిగేవాళ్లుంటారు, పట్టించుకోకండి. అక్కడ పక్కపక్కన పనిచేసినవాళ్లే తర్వాత రకరకాల సంస్థల్లో రిపోర్టర్లవుతారు. వాళ్లకు ఫోన్ చేయడానికి మీకు మొహమాటమూ ఉండదు.

తెలియనివాళ్లకు రాయాల్సి వచ్చినప్పుడు ‘నమస్తే, మీ నెట్‌వర్క్‌లో చేరాలనుకుంటున్నాను’ అని పంపకండి. నాకు వచ్చేవాటిలో సగం ఇలాంటివే, ఏం జవాబివ్వాలో తోచదు. ఇలా రాసిన ఒక అమ్మాయికి మాత్రం అదే రోజు జవాబిచ్చాను: ‘మీ టీమ్ చేసిన నీటి పొదుపు ప్రచారం చూశాను. పోస్టర్లన్నీ ఇళ్లలోని నీటి వాడకం గురించే ఉన్నాయి, కానీ ప్రెస్ నోట్ మాత్రం స్కూళ్ల గురించి రాశారు. అలా ఎందుకు ఎంచుకున్నారో తెలుసుకోవాలని ఉంది. పీఆర్ రెండో ఏడాది చదువుతున్నాను. పావుగంట ఫోన్‌లో మాట్లాడే వీలుంటుందా? లేకపోతే రెండు ముక్కల్లో రాసి పంపినా చాలు.’ ఇందులో ఉద్యోగం అడగలేదు. మా పని చూసిందని తెలుస్తోంది. అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. కుదరదని చెప్పడానికీ దారి ఇచ్చింది. మాట్లాడిన రెండు వారాలకు, స్కూళ్ల పాయింట్‌ని తన ప్రాజెక్టులో ఎలా వాడిందో నాలుగు వాక్యాల్లో రాసి పంపింది. చాలామంది ఈ రెండో మెయిల్ రాయరు. పరిచయం నిలబడేది మాత్రం దాంతోనే. మా దగ్గర ఖాళీ వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆమే.

‘అంత కొద్దిపాటి పరిచయంతో ఉద్యోగాలు వస్తాయా’ అనిపించవచ్చు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో దీని గురించే రాశారు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ తెలిసిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచూ అన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం. దగ్గరి స్నేహితులకు తెలిసిన సంగతులు మనకూ ముందే తెలిసి ఉంటాయి, కొత్త కబురు దూరపు పరిచయస్తుల నుంచే వస్తుంది అన్నది ఆయన వివరణ. 2022లో లింక్డ్‌ఇన్ వాడేవాళ్ల మీద చేసిన ఒక భారీ అధ్యయనమూ దాదాపు అదే తేల్చింది, కాకపోతే మరీ ముక్కూ మొహం తెలియనివాళ్ల కంటే ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్లే ఎక్కువ ఉపయోగపడ్డారు. అందుకే అందరితో గాఢ స్నేహం చేయాల్సిన పని లేదు. ఏడాదికి రెండు మూడుసార్లు, చెప్పడానికి ఏదో ఒకటి ఉన్నప్పుడు పలకరిస్తే సరిపోతుంది. మొహమాటస్తులకు ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది?

అనుభవం విషయానికొస్తే, ఎవరో ఇచ్చేదాకా ఆగకండి. ప్రచారం అవసరమై, దాన్ని చూసుకునే మనిషి లేని చిన్న సంస్థలు ఎక్కడ చూసినా ఉంటాయి: స్వచ్ఛంద సంస్థలు, నాటక బృందాలు, జంతు సంరక్షణ కేంద్రాలు, మీ కాలేజీలోని పరిశోధన విభాగాలు. నేను పట్టుకున్నది పెద్దవాళ్లకు ఫోన్, కంప్యూటర్ వాడటం నేర్పే ఒక స్వచ్ఛంద బృందాన్ని. వాళ్లు రాసి ఉంచిన ప్రెస్ నోట్ ఇలా మొదలైంది: ‘మా సంస్థ వార్షికోత్సవం అతిథుల సమక్షంలో ఘనంగా జరగనుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.’ ఇది డెస్క్‌కి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. వాళ్ల క్లాసులో ఒక పూట కూర్చుని చూశాను. బ్యాంకు పేరుతో వచ్చే దొంగ కాల్స్‌ని ఎలా పసిగట్టాలో ఒక పెద్దావిడ తోటివాళ్లకు నటించి చూపిస్తోంది. దొంగ గొంతూ ఆమెదే, జవాబూ ఆమెదే, అందరూ పగలబడి నవ్వుతున్నారు. నోట్ మొదటి వాక్యం మార్చేశాం: ‘డెబ్బై దాటిన విద్యార్థులే టీచర్లయి, ఫోన్ మోసాలను పసిగట్టడం తోటివారికి నేర్పుతున్నారు.’ వార్షికోత్సవం మూడో పేరాలోకి వెళ్లింది. అధ్యక్షులవారు కాస్త నొచ్చుకున్నారు, ఆయన పేరు నాలుగో పేరాలోకి జారింది మరి.

ఒక రిపోర్టర్ ఫోన్ చేసి ఆ పెద్దావిడ నంబర్ అడిగారు. వెంటనే ఇవ్వకుండా ముందు ఆవిడను అడిగాను, ఏ రోజు మాట్లాడగలరో, ఫొటోకి ఒప్పుకుంటారో లేదో కనుక్కుని అప్పుడు ఇచ్చాను. మనిషి అనుమతి, రిపోర్టర్ డెడ్‌లైన్ రెండూ చూసుకుంటూ ఆ గంటన్నరలో చేసిన ఫోన్లే నా మొదటి నిజమైన పీఆర్ పని. వార్త వచ్చాక కొత్తగా ఎంతమంది క్లాసులో చేరారు, వాళ్లలో వార్త చదివి వచ్చామన్నవారెందరు అని బృందాన్ని అడిగి రాసిపెట్టుకున్నాను. ఆ తర్వాత నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఎక్కువసేపు అడిగింది దీని గురించే.

కొలత సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. నేను ఇంటర్న్‌గా చేరిన చోట మాకు మొదట అప్పగించిన పని, క్లయింట్ గురించి పత్రికల్లో వచ్చిన వార్తల క్లిప్పింగ్స్‌ను స్కేలుతో కొలిచి, అంత జాగాకి ప్రకటన వేస్తే ఎంతయ్యేదో లెక్కగట్టి, అదే మా పని విలువ అని క్లయింట్‌కి చూపించడం. ఇలా లెక్కగట్టే ప్రకటన విలువ, పీఆర్ పని విలువ కాదని 2010లో బార్సిలోనా సూత్రాల పేరిట ఈ రంగంవాళ్లే ఒప్పుకున్నారు. అయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. మీ పోర్ట్‌ఫోలియోలో (చేసిన పనులు చూపించే ఫైల్‌లో) మాత్రం అలాంటి అంకెలు పెట్టకండి. మేం కోరుకునేది వేరు: ఎవరికి చేరాలనుకున్నారు, ఏం మారాలనుకున్నారు, ఏం మారింది, అది మీ పని వల్లే అని ఎంతవరకు అనగలరు. ఫలితం చిన్నదైనా ఫర్వాలేదు.

పోర్ట్‌ఫోలియోలో మూడు నాలుగు పనులు చాలు. సంక్షోభ సమయంలో ఏం చేస్తారో చూపించే అవకాశం విద్యార్థులకు రాదు కాబట్టి, దానికి అభ్యాసం చేసి పెట్టండి. 1982లో షికాగో ప్రాంతంలో విషం కలిసిన టైలనాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్ మింగి ఏడుగురు చనిపోయిన ఉదంతం మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. కంపెనీ సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి రప్పించింది. దాని మీద అందరూ రాసే పొగడ్తల వ్యాసం రాయకండి. మొదటి గంటల్లో, ఇంకా ఏమీ తేలని స్థితిలో, తెలిసిన నాలుగు విషయాలతోనే ఒక ప్రకటన రాయండి. తెలియనిదాన్ని తెలియదని ఎలా చెప్పారన్నదే మేం చూస్తాం. పైన ‘ఇది అభ్యాసం కోసం రాసినది’ అని స్పష్టంగా వేయండి.

సదస్సులు, మీటింగుల గురించి ఎక్కువ చెప్పను. విజిటింగ్ కార్డులు పోగేసుకోవడానికి వెళితే కాళ్ల నొప్పులే మిగులుతాయి. వృత్తి సంఘాల కార్యక్రమాలకు వాలంటీర్‌గా వెళ్లి, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర డ్యూటీ అడిగి తీసుకోండి. వచ్చిన ప్రతి మనిషీ మీ దగ్గరికే వచ్చి తన పేరు తనే చెబుతాడు, సంభాషణ ఎలా మొదలుపెట్టాలన్న బాధ ఉండదు.

చివరగా ఆ స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్. జీతం లేకుండా పనిచేయించుకోవడం నాకు నచ్చదు. మీ దగ్గర చట్టం దానికి ఒప్పుకుంటుందో లేదో ముందు కాలేజీలో కనుక్కోండి. చట్టం ఒప్పుకుని, ఇంటి పరిస్థితీ అనుమతిస్తేనే ఆలోచించండి. అప్పుడైనా చేరేముందు వాళ్లను కొన్ని అడగాలి: నేను రాసినదాన్ని ఎవరు దిద్దుతారు? క్లయింట్ మీటింగుల్లో కూర్చోనిస్తారా? చేసిన పనిని పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చా? ఇంతకుముందు చేసిన ఇంటర్న్‌లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే, లింక్డ్‌ఇన్‌లో ఆ పాత ఇంటర్న్‌లను మీరే వెతికి ఒకరిద్దరితో మాట్లాడండి. దిద్దే మనిషి ఉండి, చూపించుకోవడానికి అనుమతి ఉంటే కొద్ది వారాలకు ఒప్పుకోవచ్చు, గడువు తేదీ మాత్రం మెయిల్‌లో రాయించుకోండి. రెండూ లేకపోతే వద్దని చెప్పి, ఆ సమయాన్ని పైన చెప్పిన లాంటి చిన్న సంస్థకు ఇవ్వండి. అక్కడ కనీసం పని మొదటి నుంచి చివరిదాకా మీ చేతుల్లో ఉంటుంది. వద్దని చెప్పే మెయిల్ మర్యాదగా రాయండి, ఆ మేనేజర్ రేపు ఇంకో ఏజెన్సీలో ఉంటారు.