126 ఎక్కడ 7 అయింది?

ప్రశ్న: మా ఆసుపత్రి ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నుంచి షుగర్ ఫలితాలు ఇంటర్‌ఫేస్ ద్వారా పేషెంట్ రికార్డుల సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తాయి. ల్యాబ్‌లో 126 ఉన్నది అక్కడ 7 అని పడింది. ఎక్కడ మారిందో తేలడం లేదు. టేబుల్లో 'సోర్స్' అని ఒక కాలమ్ పెడితే చాలా?

జవాబు: చాలదు. ముందు ఆ 7 సంగతి చూడండి. డెసీలీటరుకు 126 మిల్లీగ్రాములను 18తో భాగిస్తే లీటరుకు 7 మిల్లీమోల్స్ వస్తుంది. అంటే లెక్క సరిగ్గానే ఉంది. దారిలో ఎవరో యూనిట్ మార్చారు, ఆ యూనిట్ పేరు మాత్రం వెంట రాలేదు. కాలమ్‌లో 'ల్యాబ్' అని ఉన్నంత మాత్రాన ఈ మధ్య మజిలీ బయటపడదు.

డేటా పుట్టుపూర్వోత్తరాల కోసం వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2013లో ఇచ్చిన 'ప్రోవ్' ప్రమాణంలో మూలాంశాలు మూడే: ఏ డేటా, ఏ పని వల్ల పుట్టింది, ఎవరి బాధ్యత మీద. మీది ఎఫ్‌హెచ్‌ఐఆర్ (ఆరోగ్య డేటాను సాఫ్ట్‌వేర్‌ల మధ్య పంపే ప్రమాణం) అయితే, అందులో ప్రోవెనెన్స్ రిసోర్స్, అంటే డేటా చరిత్ర రాసే రికార్డు, ఉన్నదే ఇందుకు. విలువ మారిన ప్రతిచోటా ఒకటి రాయండి. అందులోని టార్గెట్ గడిలో కొత్త ఫలితం, ఎంటిటీలో పాతది, ఏజెంట్‌లో మార్చిన ప్రోగ్రామ్. ఆ ప్రోగ్రామ్ వెర్షన్ కూడా తెలియాలి. 'అడ్మిన్' అని రాస్తే రాయనట్టే.

పొరపాట్లు ఎక్కువగా టార్గెట్ దగ్గరే జరుగుతాయి. ఉత్త ఐడీ ఇస్తే, రేపు ల్యాబ్ ఫలితాన్ని సవరించాక పాత ప్రోవెనెన్స్ కొత్త విలువను చూపిస్తుంది. ఐడీ తర్వాత '_హిస్టరీ', వెర్షన్ నంబరు తప్పనిసరిగా చేర్చండి. ఎంటిటీకీ అంతే.

సమయానికి +05:30 జత చేయండి. లేదంటే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడిచే సర్వర్‌తో కలిపి చూసినప్పుడు అయిదున్నర గంటల తేడా వచ్చి, ఫలితం పరీక్షకు ముందే పుట్టినట్టు కనిపిస్తుంది.

ల్యాబ్ పంపిన అసలు మెసేజ్‌ను కూడా దాచి, దాని షా-256 హ్యాష్ (మెసేజ్ మారలేదని తేల్చే వేలిముద్ర లాంటి కోడ్) రాసుకోండి. అందిన బైట్ల మీదే లెక్కించాలి. ప్రోగ్రామ్ చదివి మళ్లీ రాసిన జేసన్‌లో (డేటా రాసే ఒక ఫార్మాట్) ఒక్క ఖాళీ మారినా హ్యాష్ వేరే వస్తుంది.

ఫలితం, ప్రోవెనెన్స్ రెండూ ఒకే ట్రాన్సాక్షన్ బండిల్‌లో, అంటే అన్నీ చేరాలి లేదా ఏదీ చేరకూడదు అనే మూటలో, వెళ్లాలి. విడివిడిగా పంపితే నెట్‌వర్క్ తెగిన రోజున ఫలితం చేరి, చరిత్ర మిగిలిపోతుంది.

ప్రశ్న: ఆడిట్ లాగ్ ఉందిగా, మళ్లీ ఇదెందుకు?

జవాబు: రికార్డును ఎవరు తెరిచారో, ఎవరు మార్చారో లాగ్ చెబుతుంది. కానీ అది మామూలుగా ఆ సర్వర్‌లోనే ఉండిపోతుంది. డేటా మరో ఆసుపత్రికి వెళ్తే లాగ్ వెంట వెళ్లదు, ప్రోవెనెన్స్‌ను జతచేసి పంపొచ్చు.