దిగే చోటు చూసుకుని ఎగరాలి, అమ్మడూ

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. "నీ మేనకోడలు థాయ్‌లాండ్ వెళ్తుందట, అక్కడ రింగులోకి దిగుతుందట, నువ్వే చెప్పాలి దానికి" అని ఒక్క గుక్కలో అనేసి ఏడ్చింది. ఏం చెప్పాలో, వద్దనాలో దీవించాలో, ఆమెకే తెలియడం లేదు. ఫోను పెట్టేసి వరండాలో చాలాసేపు నిలబడ్డాను. భయం వేసింది. అంతకుముందే గుండె పొంగింది, అది కూడా దాచను. మన ఇంట్లో నా తరువాత ఆ గ్లౌజులు తొడిగిన మనిషివి నువ్వే.

ఈ ఉత్తరం మాత్రం నువ్వు పంపిన వీడియో చూశాకే రాయాలనిపించింది. 2019లో ఒక మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలో, అంటే గుద్దులూ కుస్తీ రెండూ ఉండే ఆటలో, జార్జ్ మాస్విడాల్ పరుగెత్తుకుంటూ వచ్చి, గాల్లోకి లేచి, ఒక్క మోకాలితో బెన్ ఆస్క్రెన్‌ను 5 సెకన్లలో పడగొట్టిన వీడియో. దాని కింద "దూరం నుంచి మోకాలి దెబ్బ ఇలాగే కొట్టాలి కదా మామయ్యా" అని రాశావు. ఆ ఒక్క వాక్యానికి నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అందులో పోటీ క్రీడల గాయాలు కూడా ఉన్నాయో లేదో చదువు. మౌత్‌గార్డు ఇక్కడే దంతవైద్యుడి దగ్గర కొలత ఇచ్చి చేయించుకో. బరువు తగ్గడానికి నీళ్లు మానేయకు. చియాంగ్ మాయ్‌లో దిగిన మొదటి వారం పరుగు సగమే పెట్టుకో, ఆ ఉక్కకు ఒళ్లు అలవాటు పడాలి. ఇవన్నీ మీ కోచ్ కూడా చెబుతాడు.

ఇక ఆ వీడియో సంగతి. ఆస్క్రెన్ కుస్తీ మనిషి. గంట మోగగానే కాళ్లు అందుకోవడానికి తల వంచి ముందుకు వచ్చాడు. మోకాలు ఎక్కడికి లేస్తుందో తల అక్కడికే వచ్చింది. మాస్విడాల్ పరుగెత్తిన మాట నిజమే, కానీ చివరి రెండడుగుల దూరం అతడి కోసం ఆస్క్రెన్ దాటాడు. నువ్వు ఆడబోయేది మువాయ్ థాయ్, మోకాళ్లు, మోచేతులు, కాళ్లు కూడా వాడే థాయ్ బాక్సింగ్. అందులో కాళ్లు అందుకోవడానికి ఎవరూ తల వంచరు. నడుము నిటారుగా, గడ్డం లోపలికి పెట్టుకుని, ఒక కాలు తేలికగా ఉంచి నిలబడతారు. అలాంటి మనిషి మీదికి నువ్వు గాల్లో వెళితే ఆమె చెయ్యవలసిందల్లా అర అడుగు పక్కకు జరగడమే.

థాయ్ వాళ్లు నేల మీద నుంచి కొట్టే తిన్నటి మోకాలి దెబ్బను ఖావో త్రోంగ్ అంటారు. ఎగిరి కొట్టేదాన్ని ఖావో లోయ్ అంటారు. నాకు రోజంతా చూడాలనిపించేది మొదటిదే. మోకాలు పైకి లేస్తుందనుకుంటారు చూసేవాళ్లు. నిజానికి అది బల్లెంలా ముందుకు పోతుంది. మడమను పిరుదుకు తగిలేంతగా మడిచి, పాదం వేళ్లు నేలవైపు చాచి ఉంచాలి, అప్పుడే మోకాలి మొన బయటికి వస్తుంది. నిలబడిన కాలి మునివేళ్ల మీద లేచి, నడుమును ముందుకు తోసి, ఛాతీని కొంచెం వెనక్కి వాల్చాలి. నీకు అందదనుకున్న దూరంలో సగం ఆ నడుమే తెచ్చిపెడుతుంది. ఏ కాలితో పొడుస్తున్నావో ఆ వైపు చెయ్యి ఆమె భుజం మీదికో ముఖం ముందుకో చాచు. రెండో చెయ్యి నీ గడ్డం దగ్గర నుంచి కదలకూడదు. ఇది నీకు రాదని కాదు, నీ ప్యాడ్ల వీడియోల్లో ప్రతిసారీ ఆ రెండో చెయ్యి కిందికి జారుతోంది. ప్రతిసారీ! ఒంటికాలి మీద ఉన్న మనిషికి చిన్న గుద్దు చాలు, పడిపోవడానికి. అక్కడి న్యాయనిర్ణేతలు నిలకడను కూడా చూస్తారు. దెబ్బ తగిలినా నువ్వు తూలితే దాని విలువ పోతుంది.

దూరం గురించి ఇంకో మాట. ముందుగా తీప్ అలవాటు చెయ్యి ఆమెకు, అదే, పాదంతో తోసే దెబ్బ. మొదటి రౌండు అంతా పొట్టమీద తోస్తూనే ఉండు. మూడో రౌండుకు నీ కాలు లేవగానే ఆమె చేతులు కిందికి వస్తాయి, లేదా విసుగెత్తి దాన్ని పక్కకు కొట్టేసి మీదికి వస్తుంది. అప్పుడు అదే కాలిని తీప్‌లా లేపి, మడిచి, మోకాలిగా పంపు. ఆమె వస్తున్న వేగం నీ దెబ్బకు కలుస్తుంది. పొట్ట పైభాగంలో, పక్కటెముకలు విడిపోయే చోట తగిలిందంటే ఊపిరి ఆగిపోతుంది. కొట్టిన కాలిని వెనక్కి లాక్కోకు, ముందుకే దించి మెడ పట్టులోకి వెళ్లు.

డీజిల్‌నోయ్ పేరు నువ్వు విని ఉండవు. నా గది గోడ మీద ఆయన బొమ్మ ఉండేది, అమ్మమ్మ ఎవరో సినిమా నటుడనుకునేది. 188 సెంటీమీటర్ల మనిషి, 1980ల మొదట్లో బ్యాంకాక్‌లోని లుంపినీ స్టేడియం ఛాంపియన్. 1982లో సమర్త్ పాయకరూన్ లాంటి మేటి ఆటగాణ్ణి ఆ మోకాళ్లతోనే ఓడించాడు. చివరికి ఎదురు నిలిచేవాళ్లు దొరక్క ఆట ఆగిపోయింది. దొరికితే ఆయన పాత పోటీలు చూడు, ఆయన కాళ్లు ఎంతసేపు నేల మీద ఉన్నాయో లెక్కపెట్టు. ఆయన నడిచి వస్తాడు, అంతే. వర్షాకాలంలో గోదావరి గట్టు మీదికి నీరు ఎక్కినట్టు వస్తాడు.

నేను ఆ బొమ్మను రోజూ చూస్తూనే ఆయన చెయ్యని పని చేశాను.

విశాఖ ఓడరేవులో మూడేళ్లు పని చేసి కూడబెట్టిన డబ్బుతో వెళ్లాను. ఇరవై నాలుగేళ్లు నాకు. ఖోన్ కేన్ దగ్గర ఒక చిన్న శిబిరంలో చేరాను. తెల్లవారుజామునే పరుగు, ప్యాడ్లు, మెడ పట్టు, మళ్లీ సాయంత్రం అదే. గురువును అక్కడ ఖ్రూ అంటారు, మన గురువు అన్న మాటే అది. మా ఖ్రూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. రెండు నెలలయ్యాక ఒక గుడి తిరునాళ్లలో నాకు పోటీ ఇప్పించాడు. చెక్కల మీద కాన్వాసు పరిచిన రింగు. ఒక పక్క వేపుళ్ల వాసన, ఇంకో పక్క రంగులరాట్నం. నా ఎదురుగా నాకంటే పొట్టి కుర్రాడు, కాళ్లు మాత్రం ఉక్కు.

రెండు రౌండ్లు నేను చెప్పినట్టే ఆడాను. తీప్, తీప్, మోకాలు. అక్కడి జనం ప్రతి దెబ్బకూ ఒక్క గొంతుతో "ఓయ్" అంటారు. నువ్వు వింటావు ఆ కేక. అది ఒంట్లోకి ఎలా ఎక్కుతుందో మాటల్లో చెప్పలేను, కల్లు కూడా అంత త్వరగా ఎక్కదు. మూడో రౌండులో నా మోకాలు ఒకటి గట్టిగా తగిలి ఆ కుర్రాడు తాళ్లదాకా వెనక్కి పోయాడు. మా మధ్య మూడడుగుల దూరం. జనం లేచి నిలబడ్డారు. నడిచి వెళ్లవచ్చు. ఆగవచ్చు. నేను ఎగిరాను.

ఎడమ కాలి మీద నుంచి లేచాను, కుడి మోకాలు ముందుకు. ఎంత బాగుందో అనిపించింది ఆ క్షణం, గాల్లో ఉన్న ఆ క్షణం. ఆ కుర్రాడు పక్కకు తిరిగాడు. నా మోకాలికి గాలి తప్ప ఏమీ దొరకలేదు. ఎడమ కాలు నిటారుగా, బిర్రుగా నేలకు దిగింది. కాన్వాసు కుట్టు దగ్గర పాదం పట్టుకుపోయింది. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. లోపల చిన్న చప్పుడు, ఎండు కొమ్మ విరిగినట్టు. నొప్పి లేదు, అదే విచిత్రం. లేచి నిలబడ్డాను, చేతులు పైకెత్తాను, ఒక్క అడుగు వేశాను. తొడ ఒక వైపు, కాలు ఒక వైపు జారాయి. పోటీ ఆపమని మా ఖ్రూ తువ్వాలు విసిరాడు. నన్ను ఎవరూ కొట్టలేదు అమ్మడూ. ఆ క్షణంలో నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

మరునాడు ఉదయం ఖ్రూ నా పక్కన కూర్చుని వాచిన కాలికి తైలం రాస్తూ అడిగాడు: "వెనక తాడు ఉంది కదా, అతడు ఇక ఎక్కడికి పోతాడు?" అంతే అడిగాడు. తాడు వీపుకు తగిలిన మనిషి ఒక్క క్షణంలో ముందుకే వస్తాడు. నేను నిలబడి ఉంటే నా మోకాలి మీదికి తనే వచ్చేవాడు.

ఇంటికి వచ్చి అమ్మమ్మతో స్కూటరు మీద నుంచి పడ్డానని చెప్పాను. వాపు తగ్గగానే మళ్లీ సంచి కొట్టడం మొదలుపెట్టాను, స్కాన్ తీయించుకోలేదు. ముందు తెగింది మోకాలి కీలు మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు ఒక్కటే, ఆ మూర్ఖత్వం వల్ల పక్కనున్న మెనిస్కస్, అదే, కీలులో మెత్తలా ఉండే మృదులాస్థి కూడా నలిగిపోయింది. ఎనిమిది నెలల తరువాత ఆపరేషన్. మళ్లీ రింగు ఎక్కలేదు. పీట మీద కూర్చుని అన్నం తినలేకపోయేవాణ్ణి. ఒక రోజు అమ్మమ్మ ఏమీ అడగకుండా పక్కింటి నుంచి ఒక బల్ల తెప్పించి నా కంచం దాని మీద పెట్టింది. ఆ రోజు నుంచి ఆమె కూడా నా ఎదురుగా బల్ల దగ్గరే తినేది. స్కూటరు ఏమైందని పోయేదాకా అడగలేదు. డీజిల్‌నోయ్ బొమ్మ మాత్రం నేను తీసేస్తే మళ్లీ తనే అతికించింది.

అందుకే చెబుతున్నాను, దెబ్బలకు నేను అంతగా భయపడను. ముక్కు పగిలితే అతుకుతుంది. నాకు భయం నువ్వు నేలకు దిగే తీరు చూసి. ఆ లిగమెంటు తెగిన సందర్భాల్లో సుమారు 70 శాతం ఎవరూ తాకకుండానే తెగినవి, గెంతి దిగేటప్పుడో గబుక్కున తిరిగేటప్పుడో. గెంతులుండే ఆటల్లో ఆడపిల్లలకు ఆ ప్రమాదం మగవాళ్లకంటే రెండింతలకు పైనే. నీ వీడియోలో నువ్వు తాడాట ఆపి గెంతి దిగినప్పుడు ఎడమ మోకాలు లోపలికి వాలింది. నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

రేపటి నుంచి ఇది చెయ్యి. అడుగు ఎత్తు పీట మీద నుంచి రెండు కాళ్లతో దిగు. చప్పుడు రాకూడదు. మోకాళ్లు వంగాలి, పిరుదులు వెనక్కి పోవాలి, మోకాలిచిప్ప రెండో వేలు వైపే చూడాలి. మూడు సెకన్లు కదలకుండా ఉండు. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పై సార్లు. ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి ఫోనులో తీయించు, నాకు పంపు. అది కుదిరాక ఒంటికాలితో. తొడ వెనక కండలకు, పిరుదులకు బరువులు పెంచు. ఇవన్నీ ఆరు వారాలు సాగాకే ఎగిరే మోకాలి మాట ఎత్తు, అదీ సాధనలోనే. మొదటి పోటీలో వద్దు. ఇది సలహా కాదు, మామయ్య మాట.

పోయిన ఏడాది నీ మోకాలు వాచిందని, ఎవరికీ చెప్పకుండా పట్టీ కట్టుకుని సాధనకు వెళ్లావని మీ అమ్మ చెప్పింది. నాకు ఎంత కోపం వచ్చిందో తెలుసా? నా పోలికే వచ్చిందని. నీకు ఆరేళ్లప్పుడు నా మోకాలి మచ్చ మీద వేలు పెట్టి "ఇక్కడ రైలు పట్టాలున్నాయి" అనేదానివి, చలికాలంలో నొప్పిగా ఉంటే నువ్వుల నూనె తెచ్చి నీ చిన్న చేతులతో రాసేదానివి. ఆ చేతులకు ఇప్పుడు ఎనిమిది ఔన్సుల గ్లౌజులు తొడుగుతారంటే నమ్మలేకపోతున్నాను. వెళ్లేముందు ఒక ఎముకల వైద్యుడికి ఆ కాలు చూపించు. ఖర్చు నాది.

ఇంకొక సంగతి. కొన్నిచోట్ల ఆడవాళ్లు రింగులోకి తాళ్ల మీద నుంచి వెళ్లకూడదు, అన్నిటికంటే కింది తాడు కింద నుంచి దూరి వెళ్లాలి. లుంపినీ రింగులో ఆడవాళ్ల పోటీ 2021 దాకా జరగనే లేదు. నీకు కింద నుంచి వెళ్లమంటే మనసు కష్టపడుతుంది, నాకు తెలుసు. ఆ కోపాన్ని మొదటి రౌండులో ఖర్చు పెట్టకు. కోపం వచ్చినప్పుడే మనిషికి ఎగరాలనిపిస్తుంది. వాయ్ ఖ్రూ, అదే, పోటీకి ముందు గురువుకు పెట్టే నమస్కారం, తీరికగా చెయ్యి, మోకాళ్లూని మూడుసార్లు వంగేటప్పుడు మీ కోచ్‌ను, ఆ రింగును, వీలైతే మా ఖ్రూను కూడా తలుచుకో.

అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. పోటీ రోజు సాయంత్రం నేను మీ అమ్మ దగ్గర ఉంటాను, అత్తయ్య కూడా వస్తుంది. అయిపోగానే ఫోను చెయ్యి. గెలిచావా ఓడావా తరువాత చెబుదువు, ముందు ఫోను దగ్గరికి నీ రెండు కాళ్ల మీద నడిచి వచ్చానని చెప్పు.

నీ మామయ్య